పిక్కలు లావుగా ఉన్న పిల్లాడు

నాలుగేళ్ల పిల్లాడు నేల మీద మఠం వేసుకుని అన్నం తింటున్నాడు. తినడం అయ్యాక లేవాలి. ఆ వయసు పిల్లలు ఒక్క ఉదుటున లేచి చెయ్యి కడుక్కోవడానికి పరిగెడతారు. వీడు అలా లేవడు. ముందు బోర్లా తిరుగుతాడు. రెండు అరచేతులూ నేలకు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుం పైకెత్తుతాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీదికి, ఇంకో చెయ్యి ఇంకో మోకాలి మీదికి, అక్కణ్నుంచి తొడల మీదికి. తన కాళ్లనే చెట్టు మానులా పట్టుకుని తానే పైకెక్కుతున్నట్టు మెల్లగా నిటారుగా నిలబడతాడు. రోజూ చూసేదే కాబట్టి ఇంట్లోవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు. 'వీడు లేవడమే అంత' అనుకుంటారు.

ఇలా లేవడాన్ని 1879లో విలియం గోవర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు వివరంగా రాశాడు. డాక్టర్లు దీన్ని ఇప్పటికీ గోవర్స్ సైన్ అనే అంటారు. తుంటి, తొడ కండరాలు చెయ్యాల్సిన పనికి పిల్లాడు చేతుల బలం అరువు తెచ్చుకుంటున్నాడని దాని అర్థం. దీంతోపాటు కనిపించే ఇంకో గుర్తు పిక్కలు. తెలుగులో పరుగెత్తే సత్తాకు పిక్కబలం అని పేరు. అందుకే పిల్లాడి పిక్కలు గట్టిగా, లావుగా ఉంటే నాయనమ్మ మురిసిపోతుంది, దిష్టి తగులుతుందని కూడా భయపడుతుంది. ఈ జబ్బులో మాత్రం ఆ లావు చాలావరకు కండ కాదు. కండ నశించిన చోట చేరిన కొవ్వు, పీచులాంటి కణజాలం.

ఆ జబ్బు పేరు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, పొట్టిగా డీఎండీ. 1860లలో దీన్ని వర్ణించిన ఫ్రెంచ్ వైద్యుడు గియోమ్ డుషెన్ పేరు మీద వచ్చింది. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. ఆడపిల్లల్లో చాలా అరుదు. జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఈ రోజుకీ లేదు. ఈ చివరి మాట వినగానే చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. 'మందు లేదు' అన్నది 'చెయ్యడానికి ఏమీ లేదు' అని వినిపిస్తుంది. డీఎండీ విషయంలో ఈ రెండింటికీ మధ్య పదేళ్లకు పైగా ఆయుష్షు ఉంది. అంతేకాదు, ఇంకా పుట్టని పిల్లల సంగతి కూడా ఉంది.

కండరంలో జరిగేది ఇదీ. కండరం ముడుచుకుని సాగే ప్రతిసారీ కణం పైపొర మీద లాగుడు పడుతుంది. ఆ లాగుడుకు పొర చిరిగిపోకుండా లోపలి నుంచి పట్టి ఉంచే ప్రొటీన్ డిస్ట్రఫిన్. దీన్ని తయారుచేసే జన్యువును 1986లో లూయీ కుంకెల్ బృందం కనిపెట్టింది, మరుసటి ఏడాది ప్రొటీన్‌ను గుర్తించారు. మనిషి జన్యువుల్లో అతి పొడవైన వాటిలో ఇదొకటి. 22 లక్షలకు పైగా అక్షరాలు, 79 ఎక్సాన్లు, అంటే 79 ముక్కలుగా ఉన్న సూచనల పుస్తకం. అంత పొడవు ఉండబట్టే అందులో కొత్తగా తప్పులు దొర్లే అవకాశమూ ఎక్కువ.

తప్పు ఎలాంటిదన్న దాన్ని బట్టి జబ్బు తీవ్రత ఉంటుంది. జన్యువును కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది. 'చిలుక పలుకు తెలుగు' అన్న మాటల్ని మూడేసి అక్షరాలుగా చదువుతున్నామనుకుందాం. మధ్యలోంచి 'పలుకు' మొత్తం పోతే 'చిలుక తెలుగు' మిగులుతుంది. కొంత పోయినా అర్థం ఉంది. అదే 'చిలుక'లో 'క' ఒక్కటే పోతే 'చిలుప లుకుతె లుగు' అవుతుంది. పోయింది ఒక్క అక్షరమే అయినా అక్కణ్నుంచి చివరిదాకా అంతా పాడైంది. మొదటి రకం తప్పులో పొట్టిదే అయినా ఎంతో కొంత పనిచేసే డిస్ట్రఫిన్ తయారవుతుంది. దాన్ని బెకర్ రకం అంటారు, నెమ్మదిగా ముదురుతుంది. రెండో రకంలో దాదాపు ఏమీ తయారు కాదు. అది డుషెన్. పోయిన ముక్క ఎంత పెద్దదన్న దానికంటే అది పోయాక మిగతాది చదవడానికి వీలుందా లేదా అన్నదే ముఖ్యం. మినహాయింపులు ఉన్నా చాలా కేసుల్లో లెక్క ఇలాగే ఉంటుంది.

జబ్బు పుట్టుకతోనే ఉంటుంది. బయటపడేసరికి మాత్రం ఏళ్లు గడుస్తాయి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో కూడా మొదటి లక్షణం కనిపించిన దగ్గర్నుంచి జబ్బు పేరు తెలిసేసరికి సగటున రెండున్నరేళ్లు పట్టింది. పిల్లాడికి అప్పటికి దాదాపు ఐదేళ్లు నిండాయి. మన ఊళ్లలో ఈ ఏళ్లు ఎలా పోతాయో ఊహించడం కష్టమేమీ కాదు. నడక ఆలస్యమైతే 'వాళ్ల నాన్న కూడా లేటుగానే నడిచాడు' అంటారు. పడిపోతుంటే కాల్షియం సిరప్. మెట్లెక్కలేకపోతే 'ఒట్టి బద్ధకం'. మునివేళ్ల మీద నడుస్తుంటే కొత్త చెప్పులు. స్కూల్లో పరుగుపందెంలో ఎప్పుడూ చివరే.

ఇంకో పక్కదారి ఉంది, ఇది చదువుకున్న కుటుంబాలను కూడా తిప్పుతుంది. జ్వరమనో, ఆకలి లేదనో రక్తపరీక్ష చేయిస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు బాగా ఎక్కువగా వస్తాయి. వెంటనే లివర్ అనుమానం. పథ్యం మొదలవుతుంది, పసరు మందులు వస్తాయి, స్కాన్లు అవుతాయి, కొందరికి లివర్ బయాప్సీ దాకా వెళుతుంది. నిజానికి ఆ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి, కండరం చిట్లితే అవే రక్తంలోకి వస్తాయి. కామెర్లు లేవు, లివర్ చెడితే పెరిగే జీజీటీ మామూలుగా ఉంది, పిల్లాడు మాత్రం నేల మీంచి లేవడానికి కష్టపడుతున్నాడు. అలాంటప్పుడు చూడాల్సింది లివర్‌ను కాదు, కండరం చిట్లితే రక్తంలో పెరిగే సీపీకే అనే ఎంజైమును. మామూలుగా 200 లోపు ఉండే ఈ అంకె డీఎండీ పిల్లల్లో 10,000, 20,000 దాటి కనిపిస్తుంది. కొన్ని వందల రూపాయలతో అయిపోయే పరీక్ష ఇది. ఏడాదిన్నర దాటినా నడవని ప్రతి మగపిల్లాడికీ, గోవర్స్ సైన్ ఉన్న ప్రతి పిల్లాడికీ ఇది చేయించాలి. పిల్లల డాక్టర్లందరికీ చదువులో వచ్చిన విషయమే. రోజుకు వంద మందిని చూసే ఓపీలో పిల్లాణ్ని నేల మీద కూర్చోబెట్టి లేవమనే తీరిక ఉండదు. తీరిక లేకపోవడం అర్థమయ్యేదే. దానికి పిల్లాడు చెల్లించే మూల్యం మాత్రం చాలా పెద్దది.

సీపీకే ఎక్కువని తేలాక జన్యు పరీక్ష. ముందుగా చేసే ఎంఎల్‌పీఏ పరీక్ష జన్యువులో ముక్కలు ఎగిరిపోయాయా, రెట్టింపయ్యాయా అని చూస్తుంది. పదింట ఏడెనిమిది కేసులు అక్కడే తేలిపోతాయి. మిగతావాళ్లకు జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష కావాలి. ఎంఎల్‌పీఏ 'నార్మల్' అని రాగానే గండం గడిచిందనుకుని ఫైలు మూసేసే కుటుంబాలకు ఎవరో ఒకరు ఈ సంగతి చెప్పి తీరాలి.

ఐదు నుంచి ఏడేళ్ల మధ్య ఒక చిత్రమైన దశ వస్తుంది. కండరం ఒకపక్క పాడవుతూనే ఉంటుంది, కానీ ఎదిగే వయసు కాబట్టి పిల్లాడు కొత్త పనులు నేర్చుకుంటూ ఉంటాడు. ఎదుగుదల క్షయాన్ని దాటి కాస్త ముందు నడుస్తుంది. ఇంట్లోవాళ్లకు 'తేరుకుంటున్నాడు' అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఏం చేస్తే దానికే పేరొస్తుంది. నాటుమందు వాడితే నాటుమందుకు, మొక్కుకుంటే మొక్కుకు, మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్ చేయిస్తే దానికి. తర్వాత జారుడు మొదలైనప్పుడు, మందు మధ్యలో ఆపేయడం వల్లే ఇలా అయిందని తల్లిదండ్రులు తమనే నిందించుకుంటారు. ఈ దశ గురించి ముందే చెప్పిన డాక్టరు ఆ కుటుంబానికి లక్షల రూపాయలు మిగిల్చినట్టే, దానికంటే ఎక్కువగా ఆ అపరాధ భావం తప్పించినట్టే.

అసలు వైద్యం మొదలుకావాల్సిందీ సరిగ్గా ఈ దశలోనే. స్టెరాయిడ్లు, అంటే ప్రెడ్నిసొలోన్ లేదా డెఫ్లజకార్ట్. ఇవి వాడిన పిల్లలు వాడనివాళ్ల కంటే దాదాపు 2 నుంచి 4 ఏళ్లు ఎక్కువ కాలం తమ పనులు తాము చేసుకున్నారని 2017 నాటి అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. వీటితో ముఖం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది, ఎత్తు ఆగుతుంది, ఎముకలు పెళుసవుతాయి. చుట్టాలు 'ఆ విషం ఎందుకు పోస్తున్నారు' అంటారు. ఆ మాటకు జడిసి ఒక్కసారిగా మందు ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించేసి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించాలన్నా డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

వ్యాయామం విషయంలో మన సహజబుద్ధి ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. కండ బలహీనంగా ఉంటే బాగా పనిచెప్పాలనుకుంటాం. గుంజీలు తీయిస్తారు, మెట్లు ఎక్కించి దించుతారు. డిస్ట్రఫిన్ లేని కండరానికి అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది సాగుతూ బరువు మోయడం, అంటే మెట్లు దిగడం, గెంతడం లాంటివి. ఈ పిల్లలకు కావాల్సింది నీళ్లలో ఆట, మడమ వెనక స్నాయువు బిగుసుకుపోకుండా రోజూ నెమ్మదిగా సాగదీయడం, రాత్రిళ్లు పాదం నిటారుగా ఉంచే స్ప్లింట్. గట్టి మాలిష్‌లు వద్దు.

ఆపరేషన్ థియేటర్ సంగతి కూడా చెప్పుకోవాలి. పన్నుకో, టాన్సిల్స్‌కో మత్తు ఇవ్వాల్సి వస్తే, పిల్లాడికి డీఎండీ ఉందని మత్తు డాక్టరుకు తప్పకుండా ముందే చెప్పాలి. సక్సినైల్‌కోలిన్ అనే మందు ఈ పిల్లల రక్తంలో పొటాషియాన్ని ఒక్కసారిగా పెంచి గుండె ఆగిపోయేలా చేయగలదు. పీల్చే మత్తుమందుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. పిల్లాడి స్కూలు బ్యాగులో, అమ్మ పర్సులో 'డీఎండీ ఉంది, సక్సినైల్‌కోలిన్ ఇవ్వకూడదు' అని రాసిన కాగితం ఉంచితే చాలు.

సుమారు పది, పన్నెండేళ్లకు నడక ఆగుతుంది. చాలా కుటుంబాలకు జబ్బు పేరు విన్న రోజు కంటే చక్రాల కుర్చీ ఇంటికి వచ్చిన రోజే బరువైనది. ఆ తర్వాతి కష్టం రాత్రిది. నిద్రలో పక్కకు ఒత్తిగిల్లడం మనం గమనించను కూడా గమనించని పని. ఈ పిల్లాడు ఒత్తిగిల్లలేడు. ఒకే పక్కన పడుకుని చెవి నొప్పెట్టినా, చెయ్యి తిమ్మిరెక్కినా 'అమ్మా' అని పిలవాలి. రాత్రికి ఐదుసార్లు, ఆరుసార్లు. పదిహేనేళ్ల పిల్లాడికి అలా పిలవడం నామోషీ. కొందరు అమ్మ అలిసిపోయిందని పిలవకుండా ఓర్చుకుంటారు. ఏళ్ల తరబడి వరసగా మూడు గంటలు నిద్రపోని తల్లులు ఈ ఇళ్లలో ఉన్నారు. వాళ్ల నడుం నొప్పి ఏ డిశ్చార్జి కాగితంలోనూ కనిపించదు.

గుండె కూడా కండరమే. అందుకే చిన్నప్పటి నుంచే ఎకో అనే గుండె స్కాన్ చేయిస్తూ ఉండాలి, పదేళ్లు వచ్చేసరికి గుండెను కాపాడే మాత్రలు మొదలుపెట్టాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. ఊపిరి కండరాలు బలహీనపడినప్పుడు మొదట తెలిసేది రాత్రే. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మత్తు. అప్పుడు నిద్రలో ఊపిరికి సాయపడే బైపాప్ మిషన్ అవసరం అవుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వైద్యులు తమ దగ్గరికి వచ్చిన డీఎండీ రోగుల రికార్డులు 2002లో తిరగేసి చూశారు. 1960లలో సగటున 14.4 ఏళ్లకు చనిపోయేవాళ్లు. 1990 తర్వాత రాత్రిపూట వెంటిలేషన్ అందినవాళ్లలో ఆ సగటు 25.3 ఏళ్లకు చేరింది. ఈ మధ్యలో జబ్బును నయం చేసే మందు ఒక్కటీ రాలేదు. రాత్రి ముక్కుకు తగిలించే ఒక మిషన్, వెన్నెముక మీద, గుండె మీద పెట్టిన శ్రద్ధ కలిసి పదకొండేళ్లు తెచ్చాయి. ఇప్పుడు మంచి వైద్యం అందే చోట్ల ముప్ఫై దాటుతున్నవాళ్లూ ఉన్నారు. పది పరీక్ష రాసేవాడిని, డిగ్రీ చదివేవాడిని, కంప్యూటర్ మీద పనిచేసుకునేవాడిని ఈ లెక్కలో ఊహించుకోవాలి. 'ఎన్నాళ్లు ఉంటాడో, చదువెందుకు' అని ఏడో తరగతిలో బడి మాన్పించడం లెక్క తప్పడమే. చక్రాల కుర్చీ లోపలికి పోయే ర్యాంపు, వాడుకోవడానికి వీలైన బాత్రూమ్ లేవని బడి మానేస్తున్న పిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు.

డబ్బు విషయానికి వస్తే, కొత్త చికిత్సల వార్తలు కుటుంబాలను ఊరిస్తూ, వేధిస్తూ ఉంటాయి. ఎలెవిడిస్ అనే జన్యు చికిత్సకు 2023 జూన్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. ధర 32 లక్షల డాలర్లు, మన లెక్కలో 26 కోట్ల రూపాయలకు పైమాటే. అదే ఏడాది వచ్చిన పెద్ద ట్రయల్ ఫలితాల్లో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. 2025లో, అప్పటికే నడక ఆగిపోయిన ఇద్దరు అబ్బాయిలు ఈ చికిత్స తర్వాత లివర్ చెడి చనిపోయారు. మన దేశంలో 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఒక రోగికి గరిష్ఠంగా 50 లక్షల దాకా సాయం ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్ దానికి కేంద్రం. 50 లక్షలకూ 26 కోట్లకూ మధ్య దూరాన్ని ఏ చందాల పెట్టే పూడ్చలేదు. పైగా, పూడ్చినా ఆ మందు ఎంత మేలు చేస్తుందన్నది ఇంకా తేలలేదు. పొలం అమ్మేముందు ఏ కుటుంబమైనా తెలుసుకోవాల్సిన విషయం ఇది. మూలకణాల ఇంజెక్షన్ల మాట మరీ స్పష్టం. 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్తానికి వచ్చే జబ్బులకు చేసే మూలకణాల మార్పిడి లాంటివి తప్ప మిగతావి ట్రయల్స్‌లో మాత్రమే ఇవ్వాలి. డబ్బు కట్టించుకుని డీఎండీ తగ్గిస్తామనేవాళ్ల మాట నమ్మకూడదు.

దీనికంటే ఖాయమైన డబ్బు దగ్గరలోనే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రఫీ ఒకటి. సదరం శిబిరంలో సర్టిఫికెట్ తీసుకుంటే పింఛను, పరీక్షలో బదులు రాసిపెట్టే స్క్రైబ్, అదనపు సమయం వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకు నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016కు పెరిగింది. ఒకే జబ్బు, ఒకే రకం ఖర్చు, సరిహద్దు దాటితే పదకొండు వేల తేడా. దీనికి సమర్థన కనిపించదు.

ఇక కుటుంబాన్ని నిలువునా చీల్చే ప్రశ్న. డాక్టరు మొదట అడిగేది 'మేనరికమా?' అని. కాదంటే ఇంట్లోవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు, మరి మనకెందుకు వచ్చిందని తలలు పట్టుకుంటారు. మేనరికం వల్ల ముప్పు పెరిగే జన్యు జబ్బులు చాలా ఉన్నాయి, వాటిలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు కలవాలి. డీఎండీ అలాంటిది కాదు. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఉండేది ఒక్క ఎక్స్, అది అమ్మ నుంచే వస్తుంది. అమ్మకు రెండు ఎక్స్‌లు, ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది కాబట్టి సాధారణంగా ఆమెకు ఏ ఇబ్బందీ తెలియదు. ఊరూపేరూ తెలియని దూరపు సంబంధం చేసుకున్నా ఈ జబ్బు రావచ్చు.

అందుకే అడగాల్సింది వేరే ప్రశ్న. 'మీ అన్నదమ్ముల్లో గానీ, మీ అమ్మ అన్నదమ్ముల్లో గానీ, కాళ్లు చచ్చుబడి చిన్న వయసులోనే పోయినవాళ్లు ఉన్నారా?' అని తల్లిని అడగాలి. మేనమామ పోలిక వచ్చిందని పిల్లాణ్ని చూసి మురిసిపోవడం మన ఇళ్లలో మామూలే. కొన్ని ఇళ్లలో పదిహేడేళ్లకే పోయిన ఆ మేనమామ ఫొటో గోడ మీద ఉంటుంది. పోలియో అనో, గాలి సోకిందనో చెప్పుకుంటారు. గోడ మీది ఆ ఫొటోయే వంశవృక్షంలో దొరకాల్సిన ఆధారం.

'తల్లి వల్లే వచ్చింది' అన్న మాట అత్తింట్లో పడిందంటే ఆ ఇంట్లో ఆమె బతుకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నిజానికి మూడింట ఒక వంతు కేసుల్లో తల్లి జన్యువు బాగానే ఉంటుంది, తప్పు పిల్లాడి దగ్గరే కొత్తగా పుడుతుంది. మిగతా కేసుల్లో కూడా, తనకు తెలియకుండా పుట్టుకతో అందుకున్నదాన్ని ఆమె తనకు తెలియకుండానే ఇచ్చింది. కంటి రంగు ఇచ్చినట్టే ఇచ్చింది. ఇందులో తప్పెక్కడుంది? ఈ మాట డాక్టరు భార్యకొక్కదానికే చెప్పి పంపకూడదు. భర్తను, వీలైతే అత్తమామలను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. క్యారియర్ అని, అంటే చెడిన జన్యువును మోస్తోందని తేలిన తల్లికి ఆమె సొంత ఆరోగ్యం కోసం చెప్పాల్సింది కూడా ఒకటుంది. క్యారియర్లలో కొందరికి వయసు మీద గుండె కండరం బలహీనపడుతుంది. పిల్లాడికి ఎకో చేయించిన రోజునే ఆమె కూడా చేయించుకోవాలి.

క్యారియర్ తల్లికి పుట్టే ప్రతి మగపిల్లాడికీ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం, ప్రతి ఆడపిల్లా క్యారియర్ అయ్యే అవకాశం కూడా అంతే. తల్లి రక్తపరీక్ష నార్మల్ వచ్చినా కొందరి అండాల్లో మాత్రమే ఆ తప్పు ఉండొచ్చు. అందుకే మళ్లీ గర్భం వస్తే పరీక్ష చేయించుకోవడమే మంచిది. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చేస్తారు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే, లింగంతో ముడిపడిన జన్యు జబ్బుల కోసం రిజిస్టరైన కేంద్రాల్లో పరీక్షను అనుమతించింది. జబ్బు ఉందో లేదో చెబుతారు. ఈ పరీక్ష అడగడం నేరమేమోనని భయపడాల్సిన పని లేదు. ఆ తర్వాత ఏం చెయ్యాలన్నది ఆ దంపతుల నిర్ణయం.

ఈ లెక్క తల్లి దగ్గర ఆగదు. ఆమె అక్కకూ, చెల్లెలికీ, పెళ్లీడుకొచ్చిన కూతురికీ వర్తిస్తుంది. పిల్లాడి పిన్ని ఇప్పుడు రెండో నెల గర్భిణి అనుకుందాం. ఆమెకు పరీక్ష చెయ్యాలంటే ముందు పిల్లాడి జన్యువులో ఏ ముక్క పోయిందో తెలిసి ఉండాలి. ఆ రిపోర్టు ఉంటే పిన్నికి చూడాల్సింది ఆ ఒక్క చోటే. లేకపోతే 11వ వారం వచ్చేసరికి టైమ్ సరిపోకపోవచ్చు. చాలా ఇళ్లలో రిపోర్టు ఉంటుంది, బీరువాలోనే ఉండిపోతుంది. చెల్లెలి అత్తింట్లో తెలిస్తే కాపురం ఏమవుతుందోనని అక్క భయం. ఆ భయం ఉత్తది కాదు కాబట్టి దానికి తగ్గ దారి కూడా చెప్పుకోవాలి. రిపోర్టులో పిల్లాడి పేరు, ఫోన్ నంబరు ఉన్న చోట వేలు అడ్డం పెట్టి, జన్యు మార్పు వివరం ఉన్న పేజీ ఒక్కటి ఫొటో తీసి చెల్లెలికి వాట్సాప్‌లో పంపినా చాలు. ఆమెను చూసే జెనెటిక్స్ డాక్టరు పని అక్కణ్నుంచి మొదలుపెట్టగలడు.